ఏడికి పోయిండు

మా గల్లీ మొదట్లో, ఇస్త్రీ బండి వెనక గోడకు ఒక నల్లబల్ల ఉంది. నీళ్లు ఎప్పుడు రావో, ఎవరింట్లో పెళ్లో, ఎవరు చనిపోయారో దాని మీద సుద్దముక్కతో రాస్తారు. పై సగం మరాఠీలో, కింది సగం తెలుగులో. ఆ కింది సగం చాలా ఏళ్లుగా నేనే రాస్తున్నాను. బి.ఏ. చదివి, గ్రాంట్ రోడ్‌లో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని చేశాను కాబట్టి ఆ సుద్దముక్క నా చేతికి వచ్చింది. ఇప్పుడు కింది సగం చదివేవాళ్లు తగ్గిపోయారు. ఒకే వరండా మీద వరసగా గదులుండే మా చాల్‌లో పిల్లలు తెలుగు వింటారు, మరాఠీలో జవాబిస్తారు. చదవడం రాదు.

మా అమ్మాయి మనాలి కూడా అంతే. నా భార్య మంగళ ఉన్నప్పుడు ఇంట్లో తెలుగు గట్టిగా వినిపించేది. మార్కెట్‌కు వెళ్లినా, పక్క గదికి వెళ్లినా, గుమ్మం దగ్గర ఆగి "పోయొస్త" అనేది. ఎవరైనా ఊరికే "పోతున్న" అంటే ఒప్పుకునేది కాదు, వెనక్కి పిలిచి సరిగ్గా అనిపించేది. ఆఖరిసారి ఆసుపత్రికి టాక్సీ ఎక్కుతూ కూడా "పోయొస్త" అనే అంది. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. మనాలి నోట తెలుగు ముక్కలు ముక్కలుగా మిగిలింది. నన్ను 'బాపు' అని పిలవడం మాత్రం మానలేదు. నాకు అది చాలు.

మనాలి సోషల్ వర్క్ చదివింది. చేసిన ఉద్యోగం కాంట్రాక్టుతోనే ముగిసింది. తర్వాత ఫాక్‌లాండ్ రోడ్ అవతల, కూలీలు పని కోసం నిలబడే నాకా దగ్గరికి పొద్దున్నే వెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టింది. అక్కడ నిలబడేవాళ్లు ఎక్కువగా పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. ఎవరికి కూలి ఎగ్గొట్టారో, ఎవరికి హెల్మెట్ ఇవ్వలేదో వాళ్ల నోటనే చెప్పించి పెట్టేది. చూసేవాళ్లు పెరిగారు. తన పేజీలో పేరు కింద ఇంగ్లీషులో బిరుదులు వరసగా ఉండేవి: కథలు చెప్పే మనిషి, కార్మికుల గొంతు, మార్పు కోరే మనిషి. చివరన, కామాఠిపుర కూతురు.

ఆ చివరిది చదివి నేను చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. నా వయసువాళ్లం ఊరెక్కడని అడిగితే గ్రాంట్ రోడ్ అనేవాళ్లం. కామాఠిపుర అంటే, పక్క గల్లీల్లోని సానికొంపలు గుర్తొచ్చి ఎదుటివాళ్ల పెదవి మీదకు వచ్చే నవ్వు మాకు తెలుసు. ఈ పిల్ల ఆ పేరునే నెత్తిన పెట్టుకుంది. నాకు భయమేసింది. కొంచెం గర్వంగానూ ఉంది.

సాయిలు మాకు ఆ నాకా దగ్గరే పరిచయం. పరాంచి కట్టేవాడు. పాత భవనాలు బాగుచేసేటప్పుడు చుట్టూ వెదురు బొంగులతో కట్టే పరంజాను ఇక్కడ పరాంచి అంటారు. భార్య రాములమ్మ ఇళ్లలో గిన్నెలు తోమేది. ఆదివారాలు ఇద్దరూ మా ఒంటిగది ఖోలీకి వచ్చి టీ తాగేవాళ్లు. మనాలి మరాఠీలో బాబాయి, పిన్ని అన్నట్టు సాయిలును 'కాకా' అనేది, రాములమ్మను 'కాకూ' అనేది. ఒకసారి సాయిలు తన వీడియో చూపించమని అడిగి, పైనున్న అక్షరాలను వేలితో కొలిచాడు.

"ఇదేంది బిడ్డా, నీ పేరు ఇంతున్నది, దాని ఎనుక తోక అంత పొడుగున్నది?"

"అది ప్రొఫైల్, కాకా. నేను కోన్ అని లోకాలకు సమజ్ కావాలె కదా."

"నాది రాస్తె ఏం రాస్తవు?"

"పరాంచి ఆర్టిస్ట్."

రాములమ్మ టీ పొలమారి నవ్వింది. "ఆర్టిస్టంట! అంతెత్తు మీద బొంగులకు ముడేస్తడు గాని, ఇంట్ల లుంగీ ముడి నిలువది."

"నువ్వు జెర ఊకో. నలుగురు జూస్తుంటరు," అన్నాడు సాయిలు ఫోనును చూపిస్తూ, అందులోంచి నిజంగానే నలుగురు చూస్తున్నట్టు లుంగీ సర్దుకుంటూ.

వానలు ఆగే రోజుల్లో సాయిలు పడ్డాడు. తడిసిన బొంగు జారింది. తొడ ఎముక విరిగి, కింద ఇనుప చువ్వ గుచ్చుకుని పెద్ద గాయమైంది. ఆ మనిషి మా దగ్గర పనిచేయనే లేదన్నాడు కాంట్రాక్టరు. మనాలి సర్కారు దవాఖాన గేటు ముందు నిలబడి వీడియో చేసింది. సాయిలు ఆ భవనానికే పరాంచి కడుతుండగా తను అంతకుముందు తీసిన వీడియోను కూడా జత చేసింది. అది ఎక్కడెక్కడికో పాకింది. కాలేజీ పిల్లలు, వకీళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు కాంట్రాక్టరును నిలదీశారు. ఖర్చంతా తనదేనని అతను దిగివచ్చాడు. కార్మికుల కోసం పనిచేసే ఒక సంస్థ మనాలిని పిలిచింది. "నీ మాట జనం నమ్ముతున్నారు. మాకు అలాంటి మనిషే కావాలి," అన్నారట. దీపావళి అయ్యాక చేరమన్నారు.

"బాపు, నమ్ముడే నా పని," అంది మనాలి ఆ సాయంత్రం. చేతిలో వడాపావ్ ఉంది, తినడం మరిచిపోయింది. "మంజే... అంటే, నాకు వేరే డిగ్రీ గిగ్రీ ఏం లేదు. లోకం నా మాట నమ్మాలె. అంతే."

దవాఖానలో సాయిలును చూడటానికి పిల్లలు గుంపులుగా వచ్చారు. పండ్లు తెచ్చారు, రక్తమిచ్చారు. ఆ ముఖాల్లో కల్మషం లేదు. వచ్చినవాళ్లంతా మంచం పక్కన నిలబడి ఫోటో కూడా తీసుకున్నారు. సాయిలు ప్రతిసారీ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఫోను దిగేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఒక వార్డు ఆయా అది కనిపెట్టి, ఫోటోల వేళకు అటొచ్చి, బెడ్‌పాన్ పెట్టాలి బయటికి నడవండి అనేది. ఆమె పేరు నేను అడగలేదు. అడగాల్సింది.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒకరోజు నేను దాదర్‌లో తెలుగువాళ్ల సభకు వెళ్లాను. మధ్యాహ్నం రాములమ్మ మనాలికి ఫోను చేసింది. పెద్దగా ఏడుస్తోంది. "పోయిండు బిడ్డా. మీ కాక పోయిండు. నాకొక్క మాట జెప్పలె." అంతలో ఫోను ఆగిపోయింది. మనాలి మళ్లీ మళ్లీ చేసింది. ఎత్తలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి మనాలి పేజీలో చావు కబురుతో సాయిలు ఫోటో నలుపు తెలుపులోకి మారిపోయింది. వేలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మనాలి ఏడుస్తూనే అందరికీ జవాబులు రాస్తోంది. నాకూ అనుమానం రాలేదు. సుద్దముక్క తీసుకుని కిందికి దిగాను. కానీ బల్ల మీద రాయాలంటే శవం ఎప్పుడు లేస్తుందో, ఎక్కడి నుంచో తెలియాలి. రాములమ్మ ఫోను ఇంకా పలకడం లేదు. అందుకని రాయకుండా పైకి వచ్చేశాను.

తెల్లారేసరికి గల్లీ మొదట్లో సాయిలు ఫ్లెక్సీ కట్టారు. మనాలితో కలిసి చదివిన హితేష్‌ది ప్రింటింగ్ దుకాణం. డబ్బు తీసుకోకుండా వేశాడు. పైన మరాఠీలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి', మధ్యలో సాయిలు, మెడ చుట్టూ నిజమైన బంతిపూల దండ.

రాములమ్మ చేతిలో టిఫిన్ డబ్బాతో అటు నుంచే వచ్చింది. మా పక్కింటి రత్నాబాయి ఎదురెళ్లి ఆమెను కావిలించుకుని ఏడుపు అందుకుంది.

"ఏమాయెనమ్మా? ఎందుకేడుస్తున్నవు?" అంది రాములమ్మ.

"అయ్యో తల్లీ, నీ పెనిమిటి..."

"నా పెనిమిటికేమైంది? ఊరికి పోయిండు. నారాయణపేటల బస్సు దిగిండని రాత్రే పక్కింటోళ్ల ఫోన్ల మా మరిది జెప్పిండు..."

అప్పుడు తలెత్తి చూసింది. పరుగెత్తలేదు, అరవలేదు. డబ్బాను ఇస్త్రీ బండి మీద పెట్టి, చెప్పులు విడిచి, గోడ పక్కనున్న ఇటుకల మీదికెక్కి ముందు ఆ దండ తీసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. హితేష్ పరుగున వచ్చి ఫ్లెక్సీ తాళ్లు కోశాడు.

ఆమె మా ఖోలీకి వచ్చి, గుమ్మంలోనే కూర్చుంది. మనాలి లోపల గోడకు ఆనుకుని నిలబడింది.

"బిడ్డా, నేను పోయిండంటే నువ్వు సంపినవా?"

"కాకూ, నువ్వు ఏడుస్తుండె. పోయిండు అన్నవు."

"ఏడ్వనా మరి? బువ్వ తీసుకోని పోతె మంచం ఖాళీగున్నది. మమ్ముల ఈడికి పనికి తెచ్చిన ముకాదం బస్సెక్కిచ్చిండంట. ఊర్ల కట్టు కట్టే ఆయన ఉన్నడు, ఈడ ఆ ఫోన్లకు మొఖం జూపిచ్చుడు నాతోని కాదన్నడంట. పోయేటోడు పోయొస్త అనాలె గద? నాకు జెప్పనన్న జెప్పలె. అట్ల పోయినోన్ని పోయిండనక ఏమంటరు? నా ఫోన్ల చార్జింగు లేకపాయె."

మనాలి నా వైపు తిరిగింది. "బాపు, అమ్మప్పుడు నువ్వు అందరికీ ఫోన్ చేసినవు. మంగళ పోయింది, మంగళ పోయింది అని. నాకు ఆ మాటకు వేరే అర్థం తెల్వదు."

ప్రెస్సులో అన్నేళ్లు పనిచేశాను. రెండు అర్థాలున్న మాట ఎదురైతే పక్కన గీత గీసేవాణ్ణి. ఇంట్లో మాట్లాడిన మాటలకు ఎవరు గీత గీస్తారు?

రాములమ్మ లేచి వెళ్తూ ఆ దండను గది బయట మా గ్యాలరీలో ఉన్న తులసి కుండీకి వేసింది. "దేవునికైతె తప్పులేదు," అంది. సాయంత్రం ఆమె కూడా నారాయణపేట బస్సెక్కింది.

మనాలి నిజం చెప్పింది. నాది పొరపాటు, సాయిలు కాకా బతికే ఉన్నాడు, క్షమించండి అని వీడియో పెట్టింది. దాంతో గొడవ పెద్దదైంది. బతికున్న మనిషిని చంపి పేరు తెచ్చుకుందన్నారు. కాంట్రాక్టరు మనుషులు ఇదంతా మొదటి నుంచీ నాటకమేనన్నారు. సాయిలు తనంతట తనే లేచి వెళ్లాడు కాబట్టి తమకేమీ సంబంధం లేదన్నారు. సంస్థ నుంచి మెత్తగా ఒక సందేశం వచ్చింది. ఇప్పుడు కాదు, మళ్లీ ఎప్పుడైనా చూద్దామని. రక్తమిచ్చిన పిల్లల్లో ఒకడు రాశాడు: "అక్కా, నేను మా అమ్మను కూడా తీసుకొచ్చి చూపించాను. ఇప్పుడు ఇంట్లో ఏం చెప్పను?" తిట్లన్నీ ఓర్చుకున్న మనాలి ఆ ఒక్కటి చదివి స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మా గల్లీవాడే ఒకడు, సాహిల్, రీల్ చేశాడు. ఒకడు చెంబు పట్టుకుని సండాస్‌కు వెళ్తాడు. రెండోవాడు ఏడుపు గొంతుతో "పోయిండూ!" అంటాడు. వెంటనే వాడి ఫోటోకు దండ పడుతుంది. అందరికీ అది తెగ నచ్చింది. తెలుగు ముక్క రాని పిల్లలు కూడా క్రికెట్‌లో వికెట్ పడితే "పోయిండూ!" అని అరిచేవాళ్లు. వాళ్ల తాతల మాట వాళ్ల నోట అంత స్పష్టంగా పలకడం నేను వినడం అదే మొదలు.

రత్నాబాయికి మనవడి ఫోనులో ఆ రీల్ కనిపించిందని నాకు తెలుసు. ఆమె ఏమీ ఎరగనట్టు రోజూ ఒక గిన్నెలో అటుకుల పోహా తెచ్చి, "ఎక్కువ చేసిన, పడేస్తనా?" అని విసుక్కుంటూ పెట్టి వెళ్లేది. హితేష్‌ను ఫ్లెక్సీ ఏం చేశావని అడిగితే, దుకాణం అటక వైపు చూపించాడు. బొమ్మ లోపలికి ఉండేలా మడిచి పెట్టాడు. "బతికున్న మనిషి మొహం, కాకా. కుప్పల ఎట్లేస్త?"

మనాలి తన పేరు కింది బిరుదులు ఒకటొకటిగా తీసేసింది. చివరికి కామాఠిపుర కూతురు మిగిలింది. ఒకరోజు అదీ లేదు. పేరు మాత్రం ఉంది. ఒక కళ్లద్దాల దుకాణంలో కౌంటరు దగ్గర పనికి కుదిరింది. నాకా మీదుగా వెళ్లాల్సిన దారి మాని, చుట్టూ తిరిగి వెళ్లేది.

చలి మొదలైన రోజులు. సాయంత్రం ఇద్దరం గ్యాలరీలో కూర్చుని మెంతికూర తుంచుతున్నాం. రాములమ్మ ఫోను చేసింది. మనాలి తడి చేతితోనే స్పీకరు పెట్టింది. ఈ మధ్య ఏ ఫోను వచ్చినా నేనూ వినేలా అలాగే పెడుతోంది.

"బిడ్డా," అంది రాములమ్మ. గొంతులో ఏడుపు లేదు. ఎండిపోయి ఉంది. "మీ కాక పోయిండు."

మనాలి చేతిలో కాడ ఆగింది. నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా, ఎంతో జాగ్రత్తగా, పరీక్షలో జవాబు రాస్తున్న పిల్లలా అడిగింది.

"కాకూ... ఏడికి పోయిండు?"

అవతల, వెనక ఎవరో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అది మాకు అప్పుడు వినిపించింది.

"ఏడికీ పోలె, బిడ్డా," అంది రాములమ్మ. "ఈన్నే ఉన్నడు. నా ముంగటనే పండవెట్టిన్రు."

మనాలి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. రాములమ్మే మెల్లగా చెప్పింది. గాయం లోపల చీము పట్టింది. కట్టు పైకి బాగానే కనిపించింది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. "నీకు జెప్పకుంటె ఎట్ల బిడ్డా? ఎవ్వలన్న అడిగితె నువ్వే గద జెప్పాలె. రేపు పొద్దుగాల మట్టి." ఇంత జరిగాక కూడా ఆమె చావు కబురు చెప్పడానికి మనాలినే పిలిచింది.

ఫోను పెట్టేశాక మనాలి తన పేజీ తెరిచింది. ఏదో రాసింది. చెరిపింది. మళ్లీ రాసింది. ఆ పేజీలో సాయిలుకు వేలమంది ఎప్పుడో చేతులు జోడించేశారు. ఏడవాల్సినవాళ్లు ఏడ్చేశారు, తర్వాత తిట్టేశారు.

"ఎవ్వరు నమ్ముతరు, బాపు? కాకా నిజంగ చనిపోయిండు అని నేనే చెప్పలేను."

మెంతికూర పళ్లెం పక్కకు జరిపాను. మళ్లీ తనే అడిగింది. "నీ సుద్దముక్క ఎక్కడున్నది?"

తెలుగు అక్షరాలు రావు కాబట్టి పాత పేపరు అంచున నేను రాసివ్వబోయాను. పక్కన కూర్చుని చూస్తోంది.

"పోయిండు అని రాయకు."

"బల్ల మీద ఎప్పుడూ ఆ మాట రాయను."

"ఇక లేడు అంటే?"

"అంటాం."

"వద్దు. ఎక్కడ లేడు, బిల్డింగ్ మీద లేడా అని అడుగుతరు." ఒక్క క్షణం నవ్వబోయి, మోచేతిలో ముఖం దాచుకుంది. తర్వాత అంది, "పని కూడా రాయి, బాపు. ఏం పని చేసెటోడో."

చావు కబురులో పేరు, ఊరు, వేళ తప్ప పని రాసే అలవాటు మాకు లేదు. రాశాను. 'నారాయణపేట దగ్గరి సాయిలు, పరాంచి కట్టేవాడు, తన ఊళ్లో చనిపోయాడు. అంత్యక్రియలు గురువారం పొద్దున, అక్కడే.'

ఇస్త్రీ బండి అతను బొగ్గుల పెట్టె జరిపి చోటిచ్చాడు. మనాలి పై సగంలో అదే కబురు మరాఠీలో రాసి, కింద పేపరు ఎడమ చేత పట్టుకుని, తెలుగు అక్షరాలను బొమ్మల్లా గీసింది. 'ణ' దగ్గర రెండుసార్లు చెరిపింది. తలకట్లు కొన్ని గాలిలో తేలాయి. నేను దిద్దలేదు. హితేష్ వచ్చి వెనక నిలబడ్డాడు. అటక మీది ఫ్లెక్సీ తియ్యనా అని అడిగాడు. వద్దని తలూపింది.

మర్నాడు పొద్దున తను దుకాణానికి తొందరగా బయల్దేరింది. నేనూ కిందికి దిగాను. నాకాకు వెళ్లే కూలీలు పారలు, సంచులతో బల్ల ముందు ఆగి ఉన్నారు. సాయిలుతో కలిసి బొంగులు కట్టే మహేష్ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతున్నాడు. 'పరాంచి కట్టేవాడు' దగ్గరికి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు.

పాల డబ్బాతో పోతున్న కుర్రాడొకడు మరాఠీ సగం మాత్రం చూసి, "అరే, ఈయన మొన్ననే సచ్చిపోయిండు గద!" అన్నాడు.

"అప్పుడు ఫోన్ల సచ్చిండు," అన్నాడు మహేష్, వాడి వైపు తిరగకుండా. "పో, పాలు ఇరిగిపోతయి."

తర్వాత మనాలిని చూశాడు. తను అక్కడి నుంచి తప్పుకోబోయి ఆగింది.

"అమ్మా, నువ్వే రాసినవా? నీకెవరు జెప్పిన్రు?"

"రాములమ్మ కాకూ. నిన్న సాయంత్రం. బాపు కూడా ఇన్నడు."

"ఏమైంది?"

"గాయం లోపల ఖరాబ్ అయింది. దవాఖానకు లేట్ తీసుకపోయిన్రు. ఇంక నాకు తెల్వదు."

వాళ్లు ఇంకా అడిగారు. తెలిసినది చెప్పింది. తెలియనిదాన్ని తెలియదంది. ఒక్క ఫోనూ బయటికి రాలేదు. ఒక ముసలి కూలీ సంచి కింద పెట్టి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగాడు.

"బిడ్డా, మట్టి అయిపాయెనా?"

మనాలి అందరి ముందూ నా వైపు తిరిగింది.

"బాపు, మట్టి మంజే?"

"పూడ్చిపెట్టడం," అన్నాను.

తను గోడ మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. మళ్లీ ఆ ముసలాయన వైపు తిరిగి, ఆయనకు వినిపించేలా ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది.

"పొద్దుగాల అన్నరు, తాతా. అయిపోయిందో లేదో నాకు తెల్వదు. ఫోన్ చేసి అడిగి చెప్త. మీరు ఉంటరా?"

"ఉంటం," అన్నాడు ఆయన. పని దొరికే వేళ దాటిపోతోంది. అయినా వాళ్లు అక్కడే నిలబడ్డారు.